పాకాల, ప్రాణహిత, పాలరాపు: కెమెరాతో ఉత్తర తెలంగాణ

హనుమకొండ నుంచి బెజ్జూరు దాకా వారం రోజుల పాటు జంతువులనూ పక్షులనూ కెమెరాలో పట్టుకుంటూ పోయే ఈ దారికి ఫిబ్రవరి ఆఖరి వారం నుంచి మార్చి మొదటి పక్షం దాకా మంచి అదను. టేకు ఆకు రాల్చి అడవి పలచబడుతుంది. కుంటలు ఎండుతాయి కాబట్టి జంతువులు మిగిలిన నీళ్ల దగ్గరికే రాక తప్పదు. వలస పక్షులు ఇంకా పూర్తిగా వెళ్లిపోయి ఉండవు. మేడారం జాతర జరిగే ఏడాదిలో మాత్రం జాతరకు ముందూ వెనకా రెండేసి వారాలు తాడ్వాయి వైపు పోకపోవడమే మేలు. లక్షల జనం నడిచిన దారిలో జింక కూడా నిలబడదు.

పెద్దపులి మీదే గురిపెట్టి వచ్చేవాళ్లకు ఈ జిల్లాలు అంతగా అచ్చిరావు. ఇక్కడ అనుకోకుండా ఎదురయ్యేవన్నీ అడవీ చేనూ కలిసే అంచుల్లోనే కనిపిస్తాయి: చెరువు శిఖం, పత్తి చేను గట్టు, వాగు ఇసుక, రాతి గుట్ట. ఎదురైన జంతువు నిలబడేది నాలుగైదు సెకన్లే. ఆ కాసేపట్లో చక్రాలు తిప్పుతూ కూర్చుంటే పని కాదు కాబట్టి కెమెరాను ముందే రెండు అమరికలకు కట్టేసి ఉంచుకోవాలి. మొదటిది నిలబడ్డ, నడిచే జంతువులకు: షట్టర్ వేగం 1/500 (సెకనులో ఐదొందలో వంతు), లెన్స్ కంత ఎఫ్/6.3. రెండోది ఎగిరే, పరుగెత్తే వాటికి: 1/2500. రెండింటికీ ఆటో ఐఎస్ఓ (వెలుతురును బట్టి సెన్సర్ స్పందనను కెమెరాయే పెంచి తగ్గించుకోవడం), గరిష్ఠం 6400. ఐఎస్ఓ పెరిగితే వచ్చే గరుకును తర్వాత ఇంట్లో కూర్చుని తగ్గించుకోవచ్చు, చలించి చెడిన బొమ్మను మాత్రం ఎవరూ బాగుచేయలేరు.

లెన్స్ 100–400 మిల్లీమీటర్లది గానీ 150–600ది గానీ చాలు. బొమ్మను ఇంకా దగ్గరికి లాగే 1.4 ఎక్స్‌టెండర్ తగిలిస్తే ఒక స్టాప్, అంటే సగం వెలుతురు పోతుంది, పొద్దున్నే ఫోకస్ తడబడుతుంది. దాన్ని మధ్యాహ్నాలకే వాడాలి. ట్రైపాడ్ కన్నా ఎక్కువ పనికొచ్చేది కారు కిటికీ మీద వేసే గింజల సంచి. ఖాళీ గుడ్డసంచి తెచ్చుకుని నర్సంపేటలో రెండు కిలోల మక్కలు కొని నింపుకుంటే సరి. ముప్పావు వంతే నింపాలి. నిండా కూరితే లెన్స్ కుదురుకోదు, పక్కకు దొర్లుతుంది.

ముందు సాయంత్రం: హనుమకొండ గుట్టలు

హనుమకొండ చుట్టుపక్కల రాతి గుట్టల్లో పెద్ద గుడ్లగూబలు ఉంటాయి. వెతకాల్సింది పక్షిని కాదు, రాతి అంచు కింద సున్నం కారినట్టున్న తెల్లని చారలను. వాటి కిందే ఎలుక బొచ్చు, సన్నని ఎముకలు ముద్దగా కలిసిన బొటనవేలంత ఉండలు దొరుకుతాయి. ఉండ తడిగా, నల్లగా ఉంటే కూబ ఈ రాతి మీదే కాపురమున్నట్టు. ఎండి బూడిదరంగుకు తిరిగితే అది పాత మకాం.

పొద్దుగూకిన పావుగంటకు లోతైన గొంతుతో రెండు ముక్కల కూత వినబడుతుంది. ఫోనులో కూత వినిపించి దాన్ని రప్పించే అలవాటు కొందరికి ఉంది. ఈ నెలల్లో రాతి అంచుల మీద పిల్లలుంటాయి. కూత విని తల్లి లేచిపోతే పిల్లలు కాకులకూ గద్దలకూ దొరికిపోతాయి. దూరంగా ట్రైపాడ్ వేసుకుని 1/60కి దించి, రెండు సెకన్ల టైమర్ మీద వరసగా ఇరవై ఫ్రేములు తీస్తే నాలుగైదు పదునుగా వస్తాయి. కూబ కదలకుండా కూర్చునే పక్షి కాబట్టి అంత తక్కువ వేగం సరిపోతుంది. గుహల్లాంటి బండ సందుల్లోకి మాత్రం తల పెట్టొద్దు. ఇలాంటి గుట్టల్లో గుడ్డేలుగులు ఉంటే పగలు పడుకునేది అక్కడే.

మొదటి రోజు: పాకాల

నర్సంపేట మీదుగా తెల్లవారు ఆరుకల్లా కట్ట మీద ఉండాలి. గణపతిదేవుడి కాలంలో, 1213 ప్రాంతంలో కట్టిన చెరువు ఇది. చుట్టూ ఉన్న అభయారణ్యం 860 చదరపు కిలోమీటర్లు. పర్యాటకులు కట్ట దగ్గరే ఆగి వెనక్కి తిరుగుతారు. కెమెరావాళ్లకు కావలసింది చెరువు రెండో చివర. నీళ్లు వెనక్కి తగ్గి పచ్చిక మొలిచిన శిఖంలో బర్లు మేస్తుంటాయి, వాటి వెనకే పక్షులుంటాయి.

ఇక్కడ ఉపాయమంతా బర్లతోనే. మనిషి ఒంటరిగా శిఖంలోకి దిగితే తీతువు పిట్ట నెత్తిమీద తిరుగుతూ ఊరంతా చాటింపు వేస్తుంది, చెరువు మొత్తం లేచిపోతుంది. బర్ల కాపరి నడిస్తే ఒక్కటీ లేవదు. కాపరిని అడిగి మందతోపాటే నడవాలి. మట్టిరంగు చొక్కా, తల మీద తువ్వాల, మోకాలి ఎత్తున కెమెరా. మంద ఆగిన చోట కూర్చోవాలి, మంద కదిలితే కదలాలి. కాపరులకు తెలిసినంత ఏ పుస్తకంలోనూ లేదు. "నక్కలు ఎప్పుడొస్తయ్ అన్నా?" అంటే, "పొద్దుగాలనే సారు, ఆ తుమ్మల కాడికెల్లి నీళ్ల ఒడ్డు పట్టుకొని పోతయ్. ఎండెక్కినంక కనవడయ్" అని చెయ్యి చాపి దారి చూపిస్తారు. చూపించిన చోట తుమ్మ నీడలో అరగంట కూర్చుంటే నక్క ఆ దారినే వస్తుంది. గాలి మన మీదుగా అది వచ్చే వైపు వీస్తుంటే మాత్రం చోటు మార్చుకోవాల్సిందే.

నత్తగుల్ల కొంగ తిండి తినే తీరు ఓపిగ్గా చూడదగ్గది. రెండు ముక్కుల మధ్య సందున్న ఈ కొంగ బురదలో నత్తను పట్టి, తల పూర్తిగా నీళ్లలో ముంచే ఉంచి, పైముక్కుతో చిప్పను నేలకు అదిమిపెడుతుంది. కింది ముక్కు కొసను మూత కిందికి దూర్చి కండను తెంపుతుంది. నీళ్లలోంచి తల లేచేసరికి చిప్ప ఉండదు, మెత్తని ముద్ద ఒకటి ముక్కు కొసన వేలాడుతుంటుంది. తల ముంచినప్పుడే ఫోకస్‌ను మెడ మొదట్లో పెట్టి కాచుకోవాలి. తల లేచాక మింగడానికి పట్టేది ఒక్క సెకను. 1/1000 కన్నా తగ్గితే నీటి చుక్కలు గీతలవుతాయి.

వెలుతురు లెక్క పక్షిని బట్టీ దాని వెనకున్నదాన్ని బట్టీ మారుతుంది. నల్లని నీళ్ల ముందు తెల్లకొంగ ఉంటే కెమెరా చీకటి అనుకుని వెలుతురు పెంచేస్తుంది, ఈకల గీతలన్నీ సున్నం పూసినట్టు మాయమవుతాయి. అప్పుడు కెమెరాలో ఎక్స్‌పోజర్ దిద్దుబాటు (వెలుతురును చేత్తో పెంచే, తగ్గించే మీట) మైనస్ 1 పెట్టాలి. అదే కొంగ తెల్లని ఆకాశంలోకి లేస్తే ప్లస్ 1 నుంచి 1.7 దాకా, లేకపోతే కడుపు భాగం మసిబారుతుంది. కొంగ నీళ్ల మీది నుంచి ఆకాశంలోకి లేచే ఒక్క క్షణంలో ఇంత తేడా వస్తుంది కాబట్టి, ఎగరడం కోసం కాచుకున్నప్పుడు పూర్తి మాన్యువల్‌లో పక్షి తెలుపుకే కట్టేసుకోవడం నయం. వెనక ఏమున్నా పక్షి మీద పడే ఎండ మారదు కదా.

తొమ్మిది దాటితే కెమెరా సంచిలో పెట్టేయొచ్చు. నీటి మీద, ఇసుక మీద వేడిగాలి లేచి దూరపు బొమ్మలు మెత్తబడతాయి. చాలామంది లెన్స్ పాడైందని మరమ్మతు దుకాణానికి పట్టుకెళ్లేది ఈ బొమ్మలు చూసే. ఇరవై మీటర్లలో ఉన్న పిచ్చుక పదునుగా వచ్చి, రెండొందల మీటర్ల కొంగ మెత్తగా వస్తే తప్పు గాలిది. కారులోంచి తీసేటప్పుడూ ఇదే జరుగుతుంది: ఏసీ చల్లదనం కిటికీలోంచి బయటి వేడిలో కలిసే చోట గాలి మరుగుతుంది. ఆగడానికి పావుగంట ముందే ఏసీ ఆపి అద్దాలన్నీ దించేయాలి.

రెండో రోజు: రామప్ప, తాడ్వాయి

పాలంపేటలో రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు. గుడి చూడాల్సిందే. కెమెరా పని మాత్రం రామప్ప చెరువు కింది యాసంగి పొలాల్లో ఉంటుంది. గట్ల మీద ముంగిసలు, ఉడుములు, కరెంటు తీగల మీద పాలపిట్టలు. పాలపిట్ట రెక్కలోని నీలం కూర్చున్నప్పుడు పెద్దగా కనబడదు, తీగ వదిలి నేల మీది మిడత కోసం దూకినప్పుడే విచ్చుకుంటుంది. దూకబోయే ముందు తల రెండుమూడుసార్లు దించి ఎత్తుతుంది. అది చూసి బటన్ నొక్కితే దొరుకుతుంది, ఎగిరాక నొక్కితే దొరికేది ఖాళీ తీగే. లక్నవరం వేలాడే వంతెన సెలవు రోజుల్లో సంతలా ఉంటుంది, దాన్ని వదిలేసి నేరుగా తాడ్వాయి పోవచ్చు.

ఏటూరునాగారం అభయారణ్యం 806 చదరపు కిలోమీటర్లు. అటవీ శాఖ అనుమతి లేకుండా రోడ్డు దిగి లోపలికి నడవడానికి లేదు. రోడ్డు వారనే చేయగల పని చాలా ఉంది. ఇప్ప ఈ నెలలోనే పూత పడుతుంది. రాత్రి విచ్చిన పూలు తెల్లవారుజామున రాలుతాయి. వాటి కోసం కోయ ఆడవాళ్లు గంపలతో వచ్చేలోపే గుడ్డేలుగు వచ్చి పోతుంది. చెట్టు కింద ఆకులు ఊడ్చినట్టు పక్కకు జరిగి ఉన్నాయా, మొదట్లో కొత్త గోటి గీతలున్నాయా, దగ్గరి చెదపుట్టకు మూరెడు లోతు బొయ్యారం పడి మట్టి ఇంకా తడిగా ఉందా చూసుకోవాలి. ఈ మూడూ ఉంటే మర్నాడు ఐదున్నరకు కారు ఆ చెట్టుకు యాభై, అరవై మీటర్ల దూరంలో ఆపి, ఇంజను కట్టేసి ఉండాలి.

కారు దిగొద్దు. ఎలుగుకు చూపు తక్కువ, వాసన ఎక్కువ. మనిషి హఠాత్తుగా దగ్గర తగిలితే పారిపోవడం కన్నా మీద పడటమే దానికి తెలిసిన దారి. అది వచ్చాక కారు స్టార్ట్ చేయొద్దు, తలుపు తెరవొద్దు. ఇంజను తిరుగుతుంటే ఆ అదురు గింజల సంచిలోంచి లెన్స్ దాకా పాకుతుంది కూడా. నల్లని ఒంటిని చూసి కెమెరా వెలుతురు పెంచుతుంది, ముక్కు దగ్గరి బూడిదరంగూ ఎదమీది తెల్లని వంపూ మాడిపోతాయి. ఎలుగు ఫ్రేములో సగం నిండితే మైనస్ 0.7. చీకట్లో ఫోకస్ దాని నల్లబొచ్చు మీద పట్టదు, ఆ ఎదమీది వంపు మీదో ముక్కు అంచు మీదో పెట్టాలి. ఫ్లాష్ అసలు వద్దు. చట్టం సంగతి అలా ఉంచినా, చీకటికి అలవాటుపడ్డ కళ్లు కాసేపు కనబడక అది ఏ వైపు దూకుతుందో దానికే తెలియదు.

పూలు ఏరే ఆడవాళ్లకు ఎలుగు వచ్చిందన్న మాట తప్పక చెప్పాలి. ఫొటో చెడుతుందని దాచేవాళ్లు ఆ ఊళ్లోకి మళ్లీ అడుగు పెట్టకపోతేనే మంచిది.

మూడో రోజు: మంథని, శివారం

భూపాలపల్లి, కాటారం మీదుగా మంథని. పొద్దంతా ప్రయాణమే. గోదావరి ఒడ్డున శివారం మొసళ్ల అభయారణ్యం 30 చదరపు కిలోమీటర్లకు కాస్త తక్కువ, 1978లో ఏర్పడింది. మొసళ్లకు చల్లని రాత్రి తర్వాత ఒళ్లు వెచ్చబడాలి కాబట్టి ఎనిమిది నుంచి పదకొండు దాకా రాళ్ల మీద పడుకుంటాయి. మార్చి ముదిరాక ఎండకు తాళలేక తొందరగా నీళ్లలోకి దిగిపోతాయి. గోదావరిలో నీటిమట్టాన్ని బట్టి రాళ్లు తేలడం మునగడం ఉంటుంది. ముందు రోజు జాలరులను అడిగి బయల్దేరితే పెట్రోలు వృథా కాదు.

నోరు తెరిచి పడుకున్న మొసలి కోపంగా ఉందని రాస్తుంటారు. అది ఒంటి వేడి తగ్గించుకుంటోంది, అంతే. బొమ్మకు అదే మంచి సమయం. కెమెరా ఎంత కిందికి దిగితే బొమ్మ అంత బాగుంటుందన్న సూత్రం ఇక్కడ పనికిరాదు: నీటి అంచున బోర్లా పడుకోవడం మొసలికి మేకపిల్లలా కనబడటమే. ఒడ్డు నుంచి కనీసం పది మీటర్ల వెనక, మీటరు రెండు మీటర్ల ఎత్తున్న గట్టు మీద కూర్చోవాలి.

నాలుగో రోజు: చెన్నూరు, కోటపల్లి

గోదావరిఖని వంతెన దాటి ఇందారం, జైపూర్ మీదుగా చెన్నూరు. ప్రాణహిత అభయారణ్యం 136 చదరపు కిలోమీటర్లు, 1980లో కృష్ణజింకల కోసం ప్రకటించినది. అవి పొలాల్లోకీ వస్తాయి. ఆరున్నర నుంచి ఎనిమిదిన్నర లోపే పని ముగించుకోవాలి. కారును నేరుగా మంద మీదికి నడపకుండా పక్కగా పోతున్నట్టు ఏటవాలుగా, మధ్యమధ్య ఆగుతూ పోవాలి. మేస్తున్న జింక తల ఎత్తి చెవులు ముందుకు తిప్పిందంటే అదే గీత, ఇంకో అడుగు వద్దు. అది మళ్లీ తల దించి మేసేదాకా ఆగాలి. మంద కదిలితే ముందు ఒక ఆడజింక గట్టు మీంచి దూకుతుంది, మిగిలినవి వరసగా అదే చోట దూకుతాయి. మొదటిదాన్ని వదిలేసి లెన్స్‌ను ఆ గట్టు మీదే నిలిపితే వెనకొచ్చే నల్ల మగజింక గాల్లో దొరుకుతుంది. పదేపదే తరిమి దూకించడం మాత్రం వేటతో సమానం.

ఈ పూట అసలు పని సాయంత్రం మొదలవుతుంది. పునుగుపిల్లి, ఏదుపంది, అలుగు, నామాల పిల్లి లాంటివి చేతి కెమెరాకు చిక్కవు. అడవి అంచున ఉన్న మామిడి తోట యజమానిని అడిగి, ఆయన పట్టా భూమిలోనే ట్రాప్ కెమెరా (ముందు నుంచి జంతువు దాటితే దానంతటదే బొమ్మ తీసేది) కట్టాలి. అభయారణ్యం లోపల అనుమతి లేకుండా కడితే కేసవుతుంది.

ఎక్కడ కట్టాలన్నది నేల చెబుతుంది. కంచె కింద బొచ్చు చిక్కుకున్న సందు, కాలువ మీద వేసిన తూము, రెండు కాలిదారులు కలిసే మలుపు వెతకాలి. సన్నని చెట్టుకు కడితే గాలికి ఊగి వందల ఖాళీ ఫ్రేములు నిండుతాయి, రాతి కడీకో లావు మానుకో కట్టాలి. నేల నుంచి 40–50 సెంటీమీటర్ల ఎత్తు, దారికి మూడు నాలుగు మీటర్ల దూరం. దారికి లంబంగా పెడితే ఒంటి పక్కభాగం పూర్తిగా పడి గుర్తుపట్టడం సులువు, కానీ వేగంగా నడిచేది కెమెరా మేలుకునేలోపు దాటిపోయి తోక మాత్రమే మిగులుతుంది. అందుకని 45 డిగ్రీల వాలున పెడితే రెండూ కలిసొస్తాయి. ముఖం ఉత్తరానికో దక్షిణానికో తిప్పాలి. తూర్పు పడమరలకు తిప్పితే ఉదయపు ఎండో సాయంత్రపు ఎండో సెన్సర్ మీద పడి కెమెరా అదే పనిగా ఖాళీ ఫ్రేములు తీస్తుంది.

ఈ సెన్సర్ కదిలే వేడిని పట్టుకుంటుంది. ఎండలో కాగిన గడ్డిపోచ గాలికి ఊగినా దానికి జంతువే. కాబట్టి ముందు రెండు మూడు మీటర్ల మేర గడ్డి కోసేయాలి. మార్చి మధ్యాహ్నం నేల వేడి జంతువు ఒంటి వేడికి సమానమయ్యేసరికి నిజంగా జంతువు దాటినా కెమెరా గుర్తించదు. పగటి ఫ్రేములు తక్కువగా ఉండటానికి కారణం ఇదే, యంత్రం లోపం కాదు. మూడు ఫ్రేముల బర్స్ట్ పెట్టాలి. చవక ఆల్కలైన్ బ్యాటరీలు సగం దిగాక రాత్రి పరారుణ దీపానికి శక్తి చాలదు, పగటి బొమ్మలు బాగానే వస్తూ రాత్రివి నల్లగా వస్తాయి. రీచార్జబుల్ నికెల్ బ్యాటరీలు ఈ విషయంలో మెరుగు. కనబడని 940 నానోమీటర్ల దీపం వెలుగు తక్కువ దూరం పోతుంది, 850 ఎక్కువ దూరం పోతుంది గానీ ఎర్రగా మిణుకుమంటుంది. దొంగల భయమున్న చోట 940 తీసుకోవాలి.

చీకటి పడ్డాక కెమెరా చూసుకోవడానికి తోటలోకి నడవొద్దు. అడవిపందుల కోసం చేల చుట్టూ దొంగతనంగా కరెంటు తీగలు పరిచే అలవాటు ఈ జిల్లాల్లో ఇంకా పోలేదు. మోకాలి కింద ఎత్తున లాగిన బోడి ఇనప తీగ టార్చి వెలుతురులో కూడా కనబడదు. మనుషులూ పులులూ వాటికే బలయ్యారు. పగలు కనబడినా ముట్టుకోకుండా దూరం నుంచే అటవీ సిబ్బందికీ విద్యుత్ సిబ్బందికీ ఫోను చేయాలి.

ఐదో రోజు: కార్డు, ప్రాణహిత ఇసుక

వారం పది రోజులు వదిలేస్తేనే ట్రాప్ కెమెరా ఫలితం తెలుస్తుంది. ఒక్క రాత్రికే తీసిన మెమరీ కార్డు కెమెరాను సరిగ్గా కట్టామో లేదో చెప్పడానికే. నిన్న రాత్రి కట్టిన కెమెరా కార్డులో గడ్డి, ఊరకుక్కలు, మళ్లీ గడ్డి, మూడు ఫ్రేముల్లో ముళ్లు విప్పని ఏదుపంది, తెల్లవారుజామున ఒక పిల్లి. ఇలాంటి పిల్లి దగ్గరే అందరూ పొరబడతారు. తోకకు నల్లని వలయాలుండి, వీపు పొడవునా గీతలుంటే పునుగుపిల్లి. తోక నల్లగా, వలయాలు లేకుండా ఉంటే మానుపిల్లి. ఒంటిన తుప్పురంగు మచ్చలు వరసలుగా ఉండి, నుదుటి మీద గీతలుండి, ఊరపిల్లి కన్నా చిన్నదైతే అప్పుడు నామాల పిల్లి గురించి ఆలోచించాలి. కొలత తెలియాలంటే కెమెరా తీసే ముందు దారి మీద అడుగు బద్ద నిలబెట్టి ఒక ఫ్రేము తీసుకోవాలి. కార్డులో ఉన్నది పునుగుపిల్లే. పొయ్యిల కట్టెలకు పోతున్న ఆడవాళ్లు పడిన ఫ్రేములుంటే అక్కడికక్కడే చెరిపేయాలి.

తోట యజమాని కెమెరాను ఉంచుకుని తర్వాత కార్డు పంపుతానంటే అంతకన్నా అదృష్టం లేదు.

ప్రాణహితలో నీళ్లు తగ్గి ఇసుక మేటలు తేలాయి. ఈ నెలల్లోనే నది రేవుపిట్టలు ఆ ఇసుకలో గుడ్లు పెడతాయి. గూడంటూ ఉండదు, అరచేతి గుంత. ఇసుకరంగు మీద గోధుమ మచ్చల గుడ్లు రెండడుగుల దూరం నుంచీ గులకరాళ్లలాగే ఉంటాయి. పక్షి నెత్తి మీదికి దూకుతూ అరుస్తోందంటే కాళ్ల దగ్గరే గుడ్లున్నట్టు. వచ్చిన అడుగుల్లోనే వెనక్కి నడవాలి. అది లేచిపోయిన పదిహేను నిమిషాల్లో ఎండకు గుడ్డు ఉడికిపోవచ్చు. మేట మీదికి పోకుండా ఒడ్డున కూర్చుని, చేప పట్టుకుని తిరిగొచ్చే దారిలో తీయాలి. పక్షులు గాలికి ఎదురుగా దిగుతాయి కాబట్టి గాలి మన వీపు వైపు ఉంటే ముఖాలు మన వైపే ఉంటాయి.

ఆరో రోజు: కవ్వాల్

మంచిర్యాల, లక్షెట్టిపేట, దండేపల్లి మీదుగా జన్నారం. 1965లో అభయారణ్యంగా, 2012లో పులుల అభయారణ్యంగా ప్రకటించిన అడవి. వానాకాలంలో జులై నుంచి సెప్టెంబరు దాకా మూసి ఉంటుంది. అనుమతించిన బండిలో, అనుమతించిన దారిలోనే పోవాలి. చాలామంది డ్రైవరును "ఇంకొంచెం పోనీ" అంటూ తొందరపెడతారు. దానివల్ల దక్కేది దుమ్ము. సోలార్ మోటారుతో నింపే నీటి తొట్టెలు, చెక్‌డ్యాములు ఉన్న చోట ఇంజను ఆపించి ఇరవై నిమిషాలు కూర్చుంటే ఎక్కువ కనబడుతుంది.

చెవులకే పని ఎక్కువ. చుక్కలజింక ఈలలాంటి కూత కుక్కకూ వేస్తుంది, మనిషికీ వేస్తుంది. కొండముచ్చు చెట్టు పైనుంచి చూసి దగ్గినట్టు అరిస్తే కొంత నమ్మాలి. కణుజు గంట కొట్టినట్టు ఒక్కసారి "ధంక్" అని, కాసేపాగి మళ్లీ అదే చోటు నుంచి అంటే పెద్దపులో చిరుతో రేసుకుక్కలో దగ్గరలో ఉన్నట్టే. అరుపు చోటు మారుతుంటే జంతువు నడుస్తోందని అర్థం, దారిని అది ఎక్కడ దాటుతుందో లెక్కగట్టి ముందే అక్కడ ఉండాలి.

ఇక్కడ మన కళ్లకు తగలాల్సిన అరుదైన జంతువు కొండగొర్రె. నాలుగు కొమ్ములుండే జింకజాతి ప్రాణి అదొక్కటే. మందగా తిరగదు, ఒంటరిగానో జంటగానో పొదల వార నడుస్తుంది. జింకపిల్ల అనుకుని నూటికి తొంభై మంది దాటేస్తారు. పట్టుకునే ఆనవాలు ఒకటుంది: అది పెంటికలు ఎక్కడ పడితే అక్కడ వేయదు, రోజూ ఒకే చోట కుప్ప పోస్తుంది. కుప్ప పైన మెరిసే తాజా పెంటికలుంటే, పక్కనే నీళ్లుంటే, అది రోజులో ఏదో ఒక వేళ అక్కడికి రాక తప్పదు. నడక తీరు తలదించి, మోకాళ్లు పైకెత్తి, బొమ్మ అడుగులు వేసినట్టు ఉంటుంది. ముందరి జత కొమ్ములు చాలా చిన్నవి, చెవుల ఎత్తు నుంచి పక్కగా తీసినప్పుడే నాలుగూ విడిగా పడతాయి. ఎదురుగా తీస్తే రెండే కనబడి, బొమ్మ చూసినవాళ్లు జింకే అంటారు. ఎండుటాకుల అడవిలో జంతువు కంటిని వెతికి పట్టే ఫోకస్ కొమ్మలను పట్టుకుంటుంది. ఒక్క చిన్న పాయింటుకు మార్చి చెవి మీద పెట్టాలి.

ఏడో రోజు: బెజ్జూరు

ఆసిఫాబాద్, కాగజ్‌నగర్ మీదుగా బెజ్జూరు. పెద్దవాగు ప్రాణహితలో కలిసే దగ్గర పాలరాపు గుట్ట. ఆ రాతి గోడ మీద పొడుగు ముక్కు రాబందుల మకాం 2013లో వెలుగులోకి వచ్చింది. అవి ఏటా ఒక్క గుడ్డే పెడతాయి, నవంబరు నుంచి మార్చి దాకా గూళ్లలో గుడ్డో పిల్లో ఉంటుంది. ప్రస్తుతం ఉన్నాయా, ఎక్కడి నుంచి చూడనిస్తారు అన్నవి బయల్దేరే ముందే అటవీ రేంజి కార్యాలయంలో అడిగి, వాళ్ల మనిషిని వెంటబెట్టుకుని పోవాలి. గుట్ట నెత్తి మీదికి ఎక్కి కిందికి తొంగిచూడటం అన్నిటికన్నా చెడ్డ పని. పైనుంచి పడే నీడకు రాబందు గూడు వదిలేస్తుంది.

పొద్దున్నే వెళ్లి ప్రయోజనం లేదు. నేల వేడెక్కి గాలి పైకి లేస్తే గానీ ఇంత బరువు పక్షి రెక్క విప్పదు, కాబట్టి తొమ్మిదిన్నర దాటాకే ఎగురుతుంది. రాతి ముందుగా సుడులు తిరిగి పైకి పోతుంటే మెడ మీది తెల్లని ఈకల పట్టీ, వెలిసిన గోధుమరంగు ఒళ్లు చూసి పొడుగు ముక్కుది అనుకోవచ్చు. నడుము మీద తెల్లని అతుకుంటే అది వేరే జాతి. రెక్కల అడుగు వెలుతురులో పడటానికి ప్లస్ 1.3, వేగం 1/2000.

పశువుల మందుల విషయం తెలిసి ఉండటం ఈ ఊళ్లలో మాట కలపడానికీ పనికొస్తుంది. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని 2006లో, ఎసిక్లోఫెనాక్, కీటోప్రొఫెన్‌లను 2023లో నిషేధించారు. ఈ మందులు పడిన కళేబరం తిన్న రాబందుకు మూత్రపిండాలు చెడిపోతాయి. మెలాక్సికామ్ వాటికి హాని చేయదు. రైతు అడిగితే ఆ పేరు చెప్పడమే.

ఈ మండలాలకు ప్రాణహిత అవతలి మహారాష్ట్ర అడవుల నుంచి పులులు వస్తూ పోతూ ఉంటాయి. 2024 ఏప్రిల్‌లో ఒక ఏనుగే నది దాటి వచ్చింది, చింతలమానేపల్లి, పెంచికల్‌పేట మండలాల్లో ఇద్దరు రైతుల ప్రాణాలు పోయాయి. ఎవరూ ఊహించని జంతువు వచ్చిందన్న కబురు వినగానే కెమెరా పట్టుకుని పరుగెత్తే జనమే అప్పుడు పెద్ద ప్రమాదం. చుట్టూ మూగితే జంతువుకు పారిపోయే దారి మూసుకుపోతుంది.

పులి అడుగు కనబడితే మాత్రం అది పనికొచ్చే బొమ్మ. తొక్కకుండా పక్కన నిలబడి, అడుగుకు ఎడమగా అడుగు బద్దో కొలత తెలిసిన పెన్నో పెట్టి, కెమెరాను సరిగ్గా నేలకు సమాంతరంగా పైనుంచి పట్టుకోవాలి. ఏటవాలుగా తీస్తే పొడవు వెడల్పుల నిష్పత్తి చెడిపోతుంది. మగపులి వెనకకాలి అడుగు చదరానికి దగ్గరగా, ఆడపులిది కాస్త పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఆ నిష్పత్తే ముఖ్యం. నడినెత్తి ఎండలో గుంత తేలదు. ఎండకు ఒళ్లు అడ్డం పెట్టి నీడ చేసి, పక్క నుంచి టార్చి వెలుతురు పారిస్తే గట్లు తేలుతాయి. ఒక్క అడుగుతో ఆగకుండా వరసగా నాలుగు అడుగులూ వాటి మధ్య దూరమూ తీసి, తేదీ, వేళతో రేంజి కార్యాలయానికే ఇవ్వాలి.

మిగతావాళ్లకు పంపే బొమ్మల్లో చోటు వివరం ఉండకూడదు, అలుగు, గుడ్లగూబ, రాబందు బొమ్మల్లో అయితే అసలే ఉండకూడదు. కెమెరాలో జీపీఎస్ ఆపినా ఫోనుకు జత చేసినప్పుడు అది మళ్లీ చేరుతుంది. వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే ఆ వివరం రాలిపోతుంది, డాక్యుమెంటుగా పంపితే మొత్తం అలాగే పోతుంది. పదును చెడకుండా ఉండాలని అందరూ డాక్యుమెంటుగానే పంపుతారు కాబట్టి, పంపే ముందు ఫైలు వివరాలు తెరిచి లొకేషన్ వరుస ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి.